గావొచ్చు అంటే అవునని కాదు

మల్లాపూర్‌లో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పోతూ నాచారం చౌరస్తాలో ఆగిపోయాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. ఉప్పల్ దిక్కు మెట్రో స్తంభాల పనితో రోడ్లన్నీ ఇరుకై, ఆగిన కారు కదలడం లేదు. పక్కకు చూస్తే కరెంటు స్తంభానికి ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఒక ముసలాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫొటో తీసేవాడు చెప్పింది శ్రద్ధగా వింటున్నట్టు చూస్తున్నారు. తెలిసిన ముఖమే, కానీ ఎవరో తట్టలేదు. కింద ‘రిటైర్డ్ కోర్టు ఉద్యోగి’ అన్న అక్షరాలు చదివాక గాని గుర్తుపట్టలేదు. పన్నెండేళ్ళ పరిచయంలో ఆయన కూర్చోగా నేను ఒక్కసారీ చూడలేదు.

నేను జడ్జిగా ఎంపికైన ఏడాది, శిక్షణ కేంద్రం భవనానికి మరమ్మతులు జరుగుతున్నాయని మా తరగతులు ఉప్పల్‌లో ఒక అద్దె హాల్లో పెట్టారు. పొద్దున పూట పెద్ద జడ్జిలు వచ్చి చట్టాలూ, తీర్పు రాసే పద్ధతీ చెప్పేవాళ్ళు. భోజనాలయ్యాక, అందరికీ కునుకు వచ్చే వేళ, ఈయన క్లాసు. సాక్షి చెప్పింది కాగితం మీదికి ఎలా ఎక్కించాలో నేర్పాలి. ఆయన జడ్జీ కాదు, వకీలూ కాదు. టైపిస్టుగా కోర్టులో చేరి, బెంచి క్లర్కుగా, అంటే జడ్జి పక్కన నిలబడి కాగితాలు అందించే ఉద్యోగిగా, ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి.

మొదటి రోజు ఆయన లోపలికి వస్తే మాలో ఎవరం లేవలేదు. ఆయనే మాకు దండం పెట్టారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మాలో ఒకరు కుర్చీ చూపిస్తే వద్దన్నారు. జడ్జిల ముందు కూర్చోవడం తనకు అలవాటు లేదనీ, కాళ్ళు కూడా ఒప్పుకోవనీ అన్నారు. ఆ గంటన్నరా నిలబడే చెప్పారు. ఆ తర్వాత చెప్పిన ప్రతి క్లాసూ అంతే. టీ తాగేటప్పుడు వరండాలో డ్రైవర్ల దగ్గరికి వెళ్ళిపోయేవారు, అక్కడ కూడా గోడకు ఆనుకునే తాగేవారు.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి చెబుతాడు, టైపిస్టు కొడతాడు. అంతా అయ్యాక రాసింది సాక్షికి చదివి వినిపించాలి. సరేనన్నాక సంతకం చేయించుకోవాలి. పై కోర్టులు చూసేది ఆ కాగితాన్నే గాని ఆ మనిషిని కాదు.

ఆయన క్లాసులో పుస్తకం ఉండేది కాదు. ఆయనే సాక్షి, మాలో ఒకరు జడ్జి, మరొకరు వకీలు. ఆయన చేతులు కట్టుకుని, భుజాలు లోపలికి లాక్కుని, రెండు మెట్లు కిందికి దిగిన మనిషిలా అయిపోయేవారు. గొంతు మారిపోయేది. ఒకరోజు కల్లుగీసే మనిషి, ఒకరోజు భర్త కొట్టిన ఇల్లాలు, ఒకరోజు దేనికీ తిన్నగా జవాబివ్వని పట్వారీ. అందరూ ఆయన రోజూ కోర్టులో చూసినవాళ్ళే.

నా వంతు వచ్చినప్పుడు ఆయన చదువురాని రైతు. వకీలు వేషం వేసిన మా స్నేహితుడు గొంతు పెంచి, పొలం గెట్టు జరిపింది నువ్వే కదా అని రెండు మూడు సార్లు అడిగాడు. ఆయన నేల చూస్తూ, "గట్లనే గావొచ్చు సారూ" అన్నారు. నేను చకచకా ఇంగ్లీషులో ‘అది నిజమే’ అని రాయించాను. బాగా చేశాననే అనుకున్నాను. ఆయన చేతులు విప్పి, రాసింది ఒకసారి చదవమన్నారు. చదివాను.

"నేను అవునన్ననా మేడం?"

కాదనలేదు కదా అన్నాను.

"కాదనే ధైర్యముంటే మా అసొంటోళ్ళు గట్ల తల వంచుకోని ఎందుకు నిలబడ్తరు మేడం? గావొచ్చు అంటే అవునని గాదు. ఇగ నన్ను ఇడిసిపెట్టుండ్రి అని."

కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఆ మాటకు తలెత్తారు. అప్పుడాయన మా చేత రకరకాల ‘ఊఁ’లు అనిపించారు. వింటున్నాననే ఊఁ వేరు, ఒప్పుకున్నాననే ఊఁ వేరు, చాలించు అనే ఊఁ వేరు. ఇరవై మంది జడ్జిలం చిన్నబడి పిల్లల్లా ఊఁ, ఊఁ అంటుంటే వంటవాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూశారు. మేం నవ్వుకున్నాం. ఆయన నవ్వలేదు.

మాలో సగం మందిమి కోస్తావాళ్ళం. మాకు ఈ జిల్లాల మాట సరిగ్గా అందేది కాదు. ఒకతను ఆయన యాసను వెనక అనుకరించేవాడు. అది ఆయన చెవిన పడింది. మర్నాడు అతని బెంచీ దగ్గరికి వెళ్ళి, మామూలుగానే, "మా భాష మీకు నేర్పుతలే సార్. మీ చెవి జర సాఫ్ జేస్తున్న" అన్నారు. అతను తర్వాత మాకందరికంటే మంచి జడ్జి అనిపించుకున్నాడు.

ఆయనకొక అలవాటుండేది. ఎవరు మాట్లాడుతున్నా ఆయన కుడిచేతి వేళ్ళు తొడ మీద ఆడుతుండేవి. వింటున్న మాటను టైపు కొడుతున్నారని నాకు చాలా రోజులకు అర్థమైంది. ఒకసారి వరండాలో నేను చనిపోయిన మా నాన్న గురించి చెబుతూ మధ్యలో ఆగాను. ఆయన వేళ్ళు కూడా ఆగాయి. నేను వాటిని చూడటం గమనించి సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకున్నారు. మాట ఆగితే ఆగిందని కూడా రాయాలి మేడం, సాక్షి ఊకుంటే ఊకున్నడని రాయాలి, అన్నారు.

నాకు మొదటి పోస్టింగు తెలంగాణలోనే ఒక చిన్న ఊళ్ళో వచ్చింది. వెళ్ళేముందు నన్ను నాచారంలో వాళ్ళింటికి పిలిచారు. ఫ్యాక్టరీలు రాకముందు వాళ్ళది వ్యవసాయమేనట. ఇప్పుడు పొలం ఉన్నచోట షెడ్లు. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య నన్ను కూర్చోబెట్టి, ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. మీ మాటలు మీరు మాట్లాడుకోండ్రి, మేడం వింటది అన్నారు. వాళ్ళు రెండు నిమిషాలు సిగ్గుపడి, తర్వాత నన్ను మర్చిపోయి కోడళ్ళ సంగతులూ బియ్యం సంగతులూ మాట్లాడుకున్నారు. మొదటి ఏడాది నా కోర్టులో సాక్షులు చెప్పింది నాకు అర్థమైందంటే ఆ మధ్యాహ్నమే కారణం.

ఆ తర్వాత పునశ్చరణ తరగతులకు ఏడాదికోసారి మూడు రోజులు అదే హాలుకు వచ్చేదాన్ని. అలాంటి ఒక ఏడు, క్లాసు అయ్యాక ఉప్పల్ బస్టాపు దాకా ఇద్దరం నడిచాం. అడగకుండానే ఆయన బాలమ్మ సంగతి చెప్పారు.

ఆయన కొత్తగా టైపిస్టుగా చేరిన రోజుల్లో, బాలమ్మ అనే మనిషి భర్త చనిపోతే అతని వాటా భూమి ఇవ్వమని బావల మీద దావా వేసింది. ఉప్పల్ పక్కనే ఉన్న మెట్ట చెలక. అవతలి వకీలు, నీ వాటా నువ్వు ముందే తీసుకున్నావు, అందుకే ఇన్నేళ్ళు అడగలేదు అని ఒత్తి ఒత్తి అడిగాడు. ఆమె బోనులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గావొచ్చు సారూ, మీరు సదువుకున్నోళ్ళు అంది. జడ్జి ‘నిజమే’ అని రాయించారు. బయట చాలామంది సాక్షులు కూర్చుని ఉన్నారు, పొద్దు పోతున్నది. రాసింది ఆమెకు చదివి వినిపించలేదు. ‘చదివి వినిపించగా సరైనదని ఒప్పుకున్నారు’ అన్న ముద్ర మాత్రం కింద వేశారు. దావా కొట్టేశారు. భూమి పోయింది.

"నేనే కొట్టిన మేడం. చెవులతోటి ఒకటి విన్న, వేళ్ళతోటి ఇంకొకటి కొట్టిన. ముద్ర గూడ నేనే ఏసిన. టైపిస్టుగాడు జడ్జికి ఎదురు చెప్తడా అని ఊకున్న."

బాలమ్మ ఆ తర్వాత ఊరు విడిచి జవహర్‌నగర్‌లో గుడిసె వేసుకుందట. ఆయన వెతుక్కుంటూ వెళ్ళారు. అప్పటినుంచీ ఆమెకు రేషన్ కార్డు రాయించడం, పింఛను కాగితాలు నింపడం, కాలు విరిగితే దవాఖానాకు తీసుకుపోవడం అన్నీ చూశారు. కోర్టులో పనిచేసే మంచి సారు అనుకునేది ఆమె. అసలు సంగతి చెప్పారా అని అడిగాను. లేదన్నారు. ఆయన బస్సు వచ్చింది. ఖాళీ సీట్లున్నా కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

ఇంకొన్నేళ్ళకు నన్నే శిక్షణ కేంద్రంలో అధికారిగా వేశారు. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. సగం రోజులు కోర్టులు నడవడం లేదు. మా దగ్గర మాత్రం కొత్త కొత్త పాఠాలు వచ్చాయి. కంప్యూటర్లు, కేసుల నిర్వహణ, ఒత్తిడిని తట్టుకోవడం, తెర మీద బొమ్మలు వేసి చెప్పే నిపుణులు. టైంటేబుల్‌లో చోటు సరిపోలేదు. ఒక పెద్ద జడ్జి ఈయన పేరు దగ్గర ఆగి, జడ్జిలకు బెంచి క్లర్కు పాఠం చెప్పడమేమిటమ్మా, మనకే చిన్నతనం కదా అన్నారు. నేను ఒక్కమాట అడ్డం చెప్పి ఉంటే ఆ జడ్జి వినేవారే. కానీ నా పనితీరు మీద రిపోర్టు రాయాల్సింది ఆయనే. పెన్సిలు తీసుకుని ఆ గంటన్నర కొట్టేశాను. ‘ఇన్నాళ్ళ మీ సేవలకు కృతజ్ఞతలు’ అని ఒక ఉత్తరం పంపించాను. దాన్ని నేను రాయను కూడా లేదు, ఆఫీసులో తయారుగా ఉన్నదాని మీద సంతకం చేశాను.

నెల తిరక్కముందే ఆయన వచ్చారు. మేడం కోసం ఎవరో వచ్చారని అటెండరు చెబితే అద్దంలోంచి చూశాను. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, చేతిలో గుడ్డసంచి. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నారు. క్లాసు అడగడానికి వచ్చారనుకున్నాను. మీటింగులో ఉన్నానని చెప్పించాను. దాదాపు గంటసేపు ఉన్నారు. ఆ గంటలో నేను ఒక్క కాగితం కూడా చదవలేదు. వెళ్ళేటప్పుడు, "ఏం లేదు, ఊకెనే వచ్చినని చెప్పు" అని అటెండరుతో అన్నారట. నాకు హాయిగా ఊపిరి తిరిగింది. ఆ హాయిని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత ఒకటి రెండుసార్లు ఫోను చేద్దామనుకున్నాను. చేయలేదు. నాకు బదిలీ అయింది. మళ్ళీ ఆయన్ను చూసింది ఆ ఫ్లెక్సీ మీదే.

దశదిన కర్మ ఎప్పుడో అందులోనే ఉంది. ఆ రోజు వెళ్ళాను. వాకిట్లో షామియానా, ఫొటోకు దండ. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకుపోయింది. ఆయన ఎలా పోయారో చెప్పింది. పొద్దున లేచి పేపరు చదువుతూ పోయారు. క్లాసు తీసేసినందుకు నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆమెకు నేనేం అంటున్నానో అర్థం కాలేదు.

"క్లాసు గురించి ఆయన ఏం ఫికర్ జెయ్యలే మేడం. కొత్త పిల్లలు వచ్చిన్రు, వాళ్ళు జెప్తరు అన్నడు. మీ తాన్కి వచ్చింది గందుకు గాదు. బాలమ్మకు ఒక మాట జెప్పాలె, నేనొక్కన్ని చెప్పలేను, మేడంను తోల్కపోత, జడ్జి పక్కన ఉంటే నా నోరు లేస్తది అన్నడు. మళ్ళ ఇంటికొచ్చి అంగి ఇడిసి దండెం మీదేసిండు. ఇగ ఆ ముచ్చట తియ్యలే. ఏం జెప్పాల్నో నాకు గూడ చెప్పలే."

ఆయన నలభై ఏళ్ళు మోసిన మాటను దించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. నేను అడిగి ఉంటే చెప్పేవారు. అడగడమే కదా మా వృత్తి.

బాలమ్మ అక్కడే ఉంది. షామియానా అంచున, ఎండ పడే చోట చాప మీద కూర్చుని ఉంది. పొద్దున్నే జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. చెయ్యి ఊపితే విరిగిపోయేలా ఉంది మనిషి. నేను జడ్జినని ఎవరో చెప్పారేమో, నన్ను పక్కన కూర్చోమంది. ఆ సారు తనకెంత చేశారో చాలాసేపు చెప్పింది. సంతకం పెట్టడం కూడా ఆయనే నేర్పారంది. చివరికి అడిగింది.

"నా కేసు ఎందుకు పోయింది బిడ్డా? సారును మస్తుసార్లు అడిగిన. నేల సూసేటోడు గని చెప్పకపోయేటోడు. నీకెరుకనా?"

ఎరుక లేదని చెప్పి లేచిపోవచ్చు. ఎదురుగా ఆయన ఫొటో, లోపల ఆయన భార్య. ఆ ముసలామె దగ్గర ఆయనకు మిగిలింది ఒక్క మంచిపేరు. దాన్ని తీసేసే హక్కు నాకుందా అని ఆలోచించాను. కానీ చెప్పాలని వచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపించింది నేనే. ఇప్పుడు నేనూ నేల చూస్తే ఇంక చెప్పేవాళ్ళే లేరు. మెల్లగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గావొచ్చు అన్నావమ్మా, నిజమే అని రాశారు, జడ్జి చెబితే ఈయన టైపు కొట్టారు.

"ఈయనకు ఎరుకుండెనా?"

ఉండెనన్నాను.

బాలమ్మ ఫొటో వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. వడ్డన మొదలైందని పిలిస్తే లేవలేదు. రాసింది నాకెవరూ చదివి వినిపించలే, వినిపించాలని ఏమైనా ఉంటదా అని అడిగింది. వినిపించాలమ్మా, చట్టం అదే, నీకు వినిపించలేదు అన్నాను. అయితే ఇప్పుడన్నా నువ్వు చదివి వినిపించు, ఏం రాసిన్రో నాకు తెల్వాలె అంది.

రికార్డు రూములో అడిగించాను. గడువు దాటిందని సాక్షుల వాంగ్మూలాలు ఎప్పుడో తగలబెట్టేశారు. తీర్పు ఒక్కటే మిగిలింది. దాని నకలు తీసుకుని ఒక ఆదివారం జవహర్‌నగర్ వెళ్ళాను. చెత్త గుట్ట మీదినుంచి వచ్చే గాలికి ముక్కు మూసుకోవాలనిపించింది, ఆమె ముందు మూసుకోలేకపోయాను. రేకుల ఇల్లు, ముందర కడిగిన బండ. ఆమె బండ మీద కూర్చుంది. నేను తీర్పులోని ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో చదివాను. ‘తన వాటా తాను ముందే తీసుకున్నట్టు వాది స్వయంగా ఒప్పుకుంది.’ రెండోసారి చదవమంది. చదివాను.

"నేను గట్లనలే. నా వాటా నాకియ్యలే. వకీలు ఒత్తి ఒత్తి అడిగిండు, నాకు భయమైంది, గావొచ్చు అన్న. రాసుకో."

సంచిలోంచి తెల్లకాగితం తీసి రాశాను. రాసింది చదివి వినిపించాను. ఒకచోట ఆపింది. భయపడ్డాను అని రాసినవు, నేను భయమైంది అన్న గద అంది. నిజమే, నాకు తెలియకుండానే నా మాట రాశాను. కొట్టేసి ఆమె మాట రాశాను. ఈ కాగితం ఏ కోర్టులోనూ చెల్లదమ్మా అని కూడా చెప్పాను. తెల్సు అన్నట్టు చెయ్యి ఊపింది.

పెన్ను చేతిలోకి తీసుకుంది గాని సంతకం పెట్టలేదు. ఆ సారు బతికుండంగ ఈ మాట ఎందుకు చెప్పలేకపోయిండు అని అడిగింది. ఒకసారి చెబుదామనే వచ్చారమ్మా, నన్ను తోడు తీసుకుని నీ దగ్గరికి రావాలనుకున్నారు అన్నాను.

"మరి నువ్వెందుకు రాలే?"

నేను ఖాళీగా ఉండి కూడా మీటింగులో ఉన్నానని చెప్పించాను అన్నాను. ఆయన గంటసేపు నిలబడి వెళ్ళిపోయారు అన్నాను.

బాలమ్మ నన్ను చూసింది. కాగితం నా వైపు జరిపి, పెన్ను తిరిగి నా చేతికిచ్చింది.

"అది గూడ రాయి" అంది.

కింద మిగిలిన జాగాలో రాశాను.